ట్యాంకు కింద నాలుగు పేర్లు

ఈసారి ఒక మోటారు సైకిలు చరిత్ర రాస్తున్నాం. మొదట ఇది మా ఇంటి సంగతిలాగే ఉంటుంది. చివరికి వచ్చేసరికి మీలో కొందరి ఇళ్ల సంగతి కూడా అవుతుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

మా నాయన పోయి పన్నెండేళ్లు. ఆయన బుల్లెట్ అప్పటినుంచి ఇంటి వెనక రేకుల షెడ్డులోనే పడి ఉంది. అది ఎవరికి చెందాలి అని అన్నదమ్ములం ఇద్దరికీ తెగలేదు. అందుకే ఎవరూ ముట్టుకోలేదు. ఈ ఎండాకాలం అమ్మ చీవాట్లు పెట్టాక, ముందు బాగుచేద్దాం, తర్వాత చూసుకుందాం అని ఇద్దరమూ కూర్చున్నాం. ఇంజను, చక్రాలు, ట్యాంకు దించేస్తే మిగిలింది ఫ్రేము. మా వైపు మెకానిక్కులు ఛాసిస్ అంటారు.

ముందు ఆ ఫ్రేము ఎక్కడిదో చెప్పాలి. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి కంపెనీ బండి అది. వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్, స్ప్రింగులు ఉన్న బుల్లెట్ 1949లో అమ్మకానికి వచ్చింది. గుంతల దారిలోనూ తట్టుకుంటుందని మన సైన్యం సరిహద్దు గస్తీకి తీసుకుంది. 1955లో రెడ్డిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. ఫ్యాక్టరీ మన తిరువొత్తియూరులో. మొదట్లో విడిభాగాలు ఇంగ్లండు నుంచి వస్తే ఇక్కడ బిగించేవాళ్లు. 1956 ఆఖరుకు అలా బయటికి వచ్చినవి 163 బండ్లు. తర్వాత భాగాలు కూడా ఇక్కడే చేయడం మొదలైంది. ఇంగ్లండులో ఆ కంపెనీ 1970లో మూతపడింది. 1977లో మన తిరువొత్తియూరు బుల్లెట్టే ఇంగ్లండుకు ఎగుమతి అయింది. పెరంబూరులో ఐసీఎఫ్ ప్రారంభమైంది కూడా ఆ 1955లోనే, అక్టోబరు 2న. ఉత్తర చెన్నపట్నంలో ఇనుము పనితో పిల్లల్ని పెంచిన మనవాళ్ల ఇళ్లలో ఈ రెండు పేర్లూ తెలియనివాళ్లు తక్కువ.

నాయన పెరంబూరు క్యారేజీ వర్క్‌షాపులో పెయింటరు. పెట్టెల మీద నంబర్లు, అక్షరాలు రాసేవాడు. ఈ బండి మిలిటరీ వేలంలో కొన్నానని చెప్పేవాడు. గొప్పకు చెప్తున్నాడని మేం నవ్వుకునేవాళ్లం.

ఫ్రేము శుభ్రం చేయడం మొదలుపెట్టాం. మొదటి రెండు రోజులూ కిరసనాయిలు, వైర్ బ్రష్, పాత గుడ్డలు. ఏళ్ల తరబడి పేరుకున్న ఆయిలు, మట్టి కలిసి తారులాగా గట్టిపడి ఉంది. దాన్ని తీయకుండా రంగు మీదికి పోతే ఉప్పుకాగితం మూసుకుపోతుంది. హెడ్ దగ్గర కొట్టిన ఫ్రేము నంబరును ముందే ఫోటో తీసుకుని, దాని మీద టేపు అంటించాం. ఆ నంబరు అరిగిపోతే ఆర్సీ పుస్తకం ఉన్నా బండిని మనదని చూపించడం కష్టం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకూడదు, నీళ్లు పెట్టి రుద్దాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

నీళ్లతో రుద్దుతుంటే పొరలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పైన మెరూన్, అది 80లలో ఒక షాపులో వేయించింది. దాని కింద నాయన చేత్తో వేసిన నలుపు. ఆ కింద పచ్చ, మిలిటరీ పచ్చ. అతుకుల దగ్గర ఇంకా కిందికి పోతే ఇత్తడి గీత మెరిసింది. గొట్టాలను అక్కడ ఇత్తడి పోసి అతికించారు. నాయన అబద్ధం చెప్పలేదు. ఆయన లేని పన్నెండేళ్లకు మాకు తెలిసింది.

ఇక మా తప్పు చెప్పాలి. పని ఆలస్యమవుతోందని మాలో చిన్నవాడు డ్రిల్లుకు వైర్ చక్రం తగిలించి హెడ్ వైపు నుంచి వచ్చాడు. పెద్దవాడు సీటు వైపు నుంచి ఉప్పుకాగితంతో పోతున్నాడు. ట్యాంకు కింద ఉండే పై గొట్టం మీద, మెరూన్ పోయిన చోట, నలుపు మీద తెల్లటి తెలుగు అక్షరాలు కనిపించాయి. ఆపు అని అరిచేలోపు చక్రం కొంత తినేసింది.

మిగిలింది ఇది. ముందు ౧౯౭౩. తర్వాత నాయన పేరు, పక్కన ౨౫౦. తర్వాత ఇంకో రెండు పేర్లు, ఒక్కోదాని పక్కన ౨౫౦. నాలుగో పేరులో 'వెం' అనే మొదటి అక్షరం. అంతే. మేం బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు, ఈ అంకెలు మాకు పలక మీద దిద్దించింది ఆ నాయనే. లేకపోతే ఆ గీతలను కూడా మరకలనుకుని తుడిచేసేవాళ్లం.

అమ్మను అడిగాం. "నలుగురూ కలిసి కొన్నారు, వారానికొకరు తిప్పుకునేవాళ్లు. లైసెన్సు మీ నాయనకే ఉందని పుస్తకం ఆయన పేరున రాశారు. మిగతావాళ్ల డబ్బు తిరిగిచ్చాడో లేదో నాకు చెప్పలేదు" అంది. పన్నెండేళ్లు మేం ఇద్దరం కొట్లాడుకున్న బండిలో మాకు ఉన్నది కాలు భాగమే కావచ్చు.

ఆ జానెడు చోటు వదిలేసి మిగతా ఫ్రేమంతా ఇనుము దాకా గీకి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ కొట్టాం. రాత్రి వదిలేస్తే మన ఉప్పుగాలికి తెల్లారేసరికి తుప్పు పడుతుంది. దాని మీద నలుపు వేశాం. అక్షరాల మీద రంగులేని వార్నిషు మాత్రం పూశాం.

రెండో, మూడో పేర్లవాళ్ల పిల్లలు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయం, ఇంటికే వెళ్లి చెప్తాం. నాలుగో ఆయన కోసమే ఈ రాత. మన ఇళ్లలో 'వెం'తో మొదలయ్యే తాతలు ఎంతమందో మాకూ తెలుసు. అయినా, 1973లో పెరంబూరు, అయనావరం వైపు ఉండి, మీ తాతో నాయనో ఒక పచ్చ బుల్లెట్ గురించి చెప్పి ఉంటే మాకు చెప్పండి. ఒక పాత ఫోటో ఉన్నా చాలు. ఆ పేరు మా చేతులతోనే చెరిపేశాం. మళ్లీ మా చేతులతోనే రాయాలని ఉంది.