పీచుకు లేని పురి తాడుకెలా వచ్చింది?

మీ ఇంటి మందులలో లెవోసెట్రిజిన్ ఉంటే పేరు గమనించండి. ‘లెవో’ అనగా ఎడమ. మన రెండు చేతుల వలె కొన్ని అణువులకు అద్దపు జోడు ఉంటుంది. మందుగా పనిచేసేది తరచు వాటిలో ఒకటే. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలను చేత్తో ఏరి ఎడమ, కుడి వేరుచేశాడు. అక్కడ అణువులలోనే ఆ భేదం ఉంది. భేదమే లేని కణాల నుండి అది పుట్టగలదా?

కోనసీమలో తాడు పేనడం చూసినవారికి ఇది వింత కాదు. కొబ్బరి పీచుకు ఎడమ, కుడి లేవు; పురి పెట్టాకే తాడుకు వస్తాయి. అయితే అక్కడ పేనే చేయి ఉంది.

సోడియం క్లోరేట్ నీటిలో కరిగి ఉన్నంతసేపు దానికి ఏ పక్కా లేదు. స్ఫటికమైతే ఎడమో, కుడో. కదపని ద్రావణంలో రెండూ ఇంచుమించు సమానం. 1990లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో దిలీప్ కొండేపూడి (ఇంటిపేరు వినగానే మనకు ఆత్మీయత కలుగుతుంది) బృందం ద్రావణాన్ని కలియబెడుతూ చూసింది. ఒక్కొక్క పాత్రలో దాదాపు అన్నీ ఒకే పక్కవి! ఏ పాత్రలో ఏ పక్కో ముందుగా చెప్పలేరు. తొలి స్ఫటికం తునకలై, ఆ తునకలే విత్తనాలై, రెండో పక్కది మొలిచేలోగా ద్రావణంలోని లవణాన్ని తీసుకుంటాయి.

నేడు లోహ అయాన్లను, కర్బన అణువులను కలిపి, భేదంలేని ముడిసరుకుతోనే పురి గల స్ఫటికపు వలలు అల్లుతున్నారు. వాటి సన్నని రంధ్రాలలో మందుల జోళ్లను విడదీయాలని ప్రయత్నం. చూపు తగ్గుతోందా అని అడుగుతూ క్షయరోగులకు నేను ఏళ్ల తరబడి ఇచ్చిన ఎథాంబ్యుటాల్ కూడా ఒక పక్కదే. దాని అద్దపు జోడు క్షయ క్రిమిపై దాదాపు నిష్ఫలం.