చావింటికి పోయిన మన బీమా మిత్రలు

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలు అయినవి. అంతకుముందు మనమందరం పాలమూరు జిల్లానే. 2007లో భూమిలేని కూలీ కుటుంబాల కొరకు ఆమ్ ఆద్మీ బీమా యోజన వచ్చింది. మామూలు మరణానికి 30,000, ప్రమాదానికి 75,000 రూపాయలు. ఆ పని సంఘాల మహిళలకు అప్పగించారు. వాళ్లే బీమా మిత్రలు. కబురు తెలిసిన వెంటనే ఖర్చులకు 5,000 రూపాయలు పట్టుకొని ఆ ఇంటికి పోవాలె. మిగతా డబ్బు డెత్ సర్టిఫికెట్ అయినంక వచ్చేది.

మా దగ్గర ఈ పని చేసిన వారిలో భర్త పోయిన అక్క ఒకరు ఉన్నారు. ఆయన బొంబాయి పనికి పోయి అక్కడనే చనిపోయిండు. ఆరు నెలలు ఆమె గడప దాటలేదు. మేమే బతిమాలి తోలినాము. మొదటి ఇంట్ల ఆ ఇంటోళ్ల కన్నా ఈమెనే ఎక్కువ ఏడ్చింది. తర్వాత ఆ ఇంటి పిల్ల తొమ్మిదో తరగతికి వస్తే, ఏడాదికి 1,200 రూపాయల స్కాలర్‌షిప్ కొరకు ఈమెనే తిరిగింది. తిరుగుతా తిరుగుతా మాట్లాడుడు మొదలుపెట్టింది, మీటింగులకు వచ్చింది. పెండ్లిండ్లకు మాత్రం ఆమెను పిలవకపోయేటోళ్లు. చావింట్ల ఆమె కోసమే ఎదురుచూసేటోళ్లు. ఇది మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2018లో 5 లక్షల రైతుబీమా వచ్చింది. ఆ కాగితాలు వ్యవసాయ శాఖ వాళ్లు చూస్తారు. అయినా ఊర్ల ఎవరన్నా పోతే ముందు ఫోను అక్కకే.