పట్టిచ్చే తొడుగు: న్యుమోకాకస్ టీకా చరిత్ర

రోగనిరోధక వ్యవస్థ ప్రోటీన్లను మాత్రమే గుర్తిస్తుందన్న అభిప్రాయం 20వ శతాబ్ది తొలి దశకాల్లో బలంగా ఉండేది. 1923లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆస్వాల్డ్ ఏవరీ, మైఖేల్ హైడెల్‌బర్గర్ పరిశోధన ఆ నమ్మకాన్ని సడలించింది. న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ బాక్టీరియా పైతొడుగు చక్కెర అణువుల గొలుసులతో ఏర్పడిందనీ, ప్రతిరక్షకాలు ఆ గొలుసులనే గుర్తిస్తాయనీ తేలింది. తెల్లరక్తకణాలు మింగకుండా బాక్టీరియాను కాపాడే తొడుగే, ప్రతిరక్షకాలు అంటుకోగానే దాన్ని పట్టిస్తుంది.

ఈ చక్కెరలతో రూపొందిన టీకా అమెరికా సైనికుల్లో న్యుమోనియాను నివారించిందని 1945లో వెల్లడైంది. అయితే పెన్సిలిన్ రాకతో వైద్యులు దాన్ని పక్కన పెట్టారు. వ్యాధి తొలి రోజుల్లో సంభవించే మరణాలను పెన్సిలిన్ తగ్గించలేకపోతున్నదని 1964లో రాబర్ట్ ఆస్ట్రియన్, జెరోమ్ గోల్డ్ చూపారు. 14 రకాల తొడుగు చక్కెరలతో కూడిన టీకాకు 1977లో అమెరికాలో అనుమతి లభించింది. చికిత్స సాధించిన విజయం నివారణను మూడు దశాబ్దాలు మరుగుపరచింది.