కాగితం మీద మెదక్, కంచంలో బీదర్

1956 నవంబరు 1 దాకా మా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో ఆ జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్ మైసూరుకు పోయాయి. నిర్ణా సర్కిల్ పోగా మిగిలిన జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకి, మెదక్ జిల్లాలోకి వచ్చాయి. 2016 అక్టోబరులో మళ్లీ జిల్లా మారింది, ఇప్పుడు సంగారెడ్డి మాది.

ఖేడ్‌లో ఎక్కడ తినాలని అడిగినవాళ్లకు ఈ దస్తావేజులన్నీ ఎందుకంటే, ఇన్నిసార్లు జిల్లా మారినా మా కంచం మాత్రం బీదర్‌లోనే ఉండిపోయింది. మెదక్ వైపు మంజీర నది మీది ఘనపురం ఆనకట్ట కింద వరి పండింది, వాళ్లది అన్నం తిండి. అదే మంజీర మా మండలాల అంచునుంచి కూడా పోతుంది. పోతుంది, అంతే. ఆ నీళ్లు నిజాంసాగర్ కింద నిజామాబాద్ పొలాలకు పారాయి, సింగూరు నుంచి హైదరాబాద్ కుళాయిలకు చేరాయి. సింగూరు నీళ్లు మా వైపు ఎత్తిపోసే బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో గానీ శంకుస్థాపన జరగలేదు. నీళ్లు లేని నల్లరేగడిలో వానాకాలం చివర విత్తితే, నేలలోని తేమతోనూ మంచుతోనూ ఎదిగేది ముఖ్యంగా యాసంగి జొన్నే. అందుకే మాది రొట్టె దేశం.

ఈ రొట్టెను సరిహద్దులు కదిలించలేదు గానీ రేషన్ బియ్యం కదిలించింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు మా వైపు బువ్వ అంటే పండుగ, పెళ్లి, జ్వరం వచ్చిన పిల్లవాడు. ఆ తర్వాత రెండు పూటలా బియ్యమే వండుకోవడం మొదలైంది. జొన్న చేలు పత్తికీ సోయాకూ పోయాయి. అన్నం దొరకనివాళ్లు రొట్టె తింటారన్న చిన్నచూపు కూడా వచ్చింది. ఆ బియ్యం ఎందరి ఆకలి తీర్చిందో చూసినవాణ్ని, దాన్ని తప్పుపట్టను. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు, ఇంకేం కావాలి? కానీ ఊరి తిండి చరిత్ర రాస్తే 1956 కన్నా 1983కే ఎక్కువ పేజీలు పడతాయి.

ఒకప్పుడు హోటల్‌కు పోయేది పూరీ కోసం, బోండాల కోసం, ఇంట్లో లేని బువ్వ కోసం. రొట్టెకు పైసలిచ్చి తినడమంటే నవ్వేవాళ్లు. ఇప్పుడు చూడండి, సాయంత్రమైతే రోడ్డు వారన పొయ్యి, పెంక, పిండి బేసిన్ ముందు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. సైకిల్ మోటార్లు ఆపి జనం రొట్టెలు కట్టించుకుని పోతారు. షుగరు వచ్చినవాళ్లకు డాక్టరు జొన్నరొట్టె తినమన్నాడు. ఇంట్లో రొట్టె కొట్టే చేతులు తగ్గాయి. కిరాణా కొట్లో మంచి తెల్లజొన్నలు మామూలు బియ్యం కన్నా చవకేం కాదు. గరీబోళ్ల తిండి అనిపించుకున్నది ఇట్లా కొనుక్కు తినే తిండయింది.

నాకిష్టమైన చోట్లు ఆ రోడ్డు వార పొయ్యిలే, ఒక్కదానికీ బోర్డుండదు. ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోవడానికి నాకొక పద్ధతుంది. పొద్దునే ముద్దలు చేసి పెట్టుకున్న చోట ఆగను, మన ముందే పిండి తడిపే చోట ఆగుతాను. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మసిలే నీళ్లు పోసి కలపాలి, వెంటనే చెయ్యాలి. చపాతీ కర్రకు లొంగదు కాబట్టి అరచేత్తో కొడుతూ తిప్పుతూ పలచన చేస్తారు. పెంక మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లద్దుతారు. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఆలస్యమైతే పగులుతుంది, తొందరపడితే పెంకకు అంటుకుంటుంది. "అన్నా, మెత్తగనా, కరకరనా?" అని అడుగుతారు. మొదటిసారి వచ్చినవాళ్లు మెత్తగనే అనాలి. పక్కన పుంటికూర గానీ శెనగపిండి పిట్ల గానీ, ఎల్లిగడ్డ కారం, పచ్చి ఉల్లిగడ్డ. ఆదివారమైతే బోటికూర.

కరకర రొట్టె వేరే కథ. ఆరబెట్టిన రొట్టె రోజుల తరబడి పాడవదు. దసరా దాటాక మా తండాల నుంచి చెరుకు నరకడానికి జహీరాబాద్ వైపు, కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీల వైపు కుటుంబాలకు కుటుంబాలే బయల్దేరుతాయి. మూటల్లో అవే రొట్టెలు. వాటినే ఇప్పుడు హైదరాబాద్‌లో ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్ముతున్నారు, ఆరోగ్యానికి మంచిదని.

సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే జాతీయ రహదారి మీది దాబాల గురించి నన్నడగకండి. పనీర్ కూర ఎక్కడైనా అదే. బిర్యానీ కావాలంటే మాత్రం ఒక మాట చెప్పాలి. హైదరాబాద్‌లో కళ్యాణీ బిర్యానీ పేరుతో దొరికే పెద్దకూర బిర్యానీ పాత బీదర్ ప్రాంతంలోని కళ్యాణి నవాబుల ఇంటి వంటగా అక్కడికి చేరింది. అంటే పట్నానికి కూడా మా పాత జిల్లాయే వడ్డించింది.

జొన్న పరువు నిలబెట్టినవాళ్లు పక్కనే ఉన్నారు. బియ్యం పథకం వచ్చిన ఆ 1983లోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దళిత మహిళల సంఘాలు పడావు భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర వేశాయి. ఏటేటా ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తిప్పాయి. చిరుధాన్యాల వంటలకే కేఫ్ ఎథ్నిక్ అని జహీరాబాద్‌లో హోటల్ కూడా పెట్టారు. అప్పుడు దాన్ని వింతగా చూసినవాళ్లలో కొందరు ఇప్పుడు రోజూ జొన్నరొట్టె కట్టించుకుంటున్నారు.

ఇంత చెప్పినా, మా తిండిలో మేలైనది ఏ పొయ్యి దగ్గరా కొనలేరు. సంక్రాంతికి ముందు వచ్చే ఎల్లమావాస్య నాడు మా వైపూ, బీదర్ వైపూ, లాతూర్ వైపూ ఊళ్లకు ఊళ్లు చేలకు పోతాయి. మూడు రాష్ట్రాలైనా పండుగ ఒకటే. పచ్చి కందిగింజలు, అనపగింజలు, బఠానీ, పచ్చి శనగలు, పల్లీలు, దొరికిన ఆకుకూరలు, చింతపండు, శెనగపిండి కలిపి పెద్ద గిన్నెలో ఉడికించే భజ్జి, నువ్వులద్దిన సజ్జరొట్టె. చేనులో పూజ చేసి అక్కడే కూర్చుని తింటాం. ఆ రోజు ఎవరి చేనుకు పోయినా పిలిచి పెడతారు, పరిచయం అక్కర్లేదు. పొద్దుగూకే లోపల రండి. మరునాటికి భజ్జి ఇంకా రుచిగా ఉంటుంది, అది మాత్రం ఎవరికీ పెట్టం.