పగడాల పార్కు

1950లలో ఫ్లోరిడాలో మయామీ నుంచి కీ వెస్ట్ వైపు కారులో వెళ్లేవారికి దారి పక్కన దుకాణాలు కనిపించేవి. బల్లల మీద ఎండబెట్టిన పగడపు కొమ్మలు, గులాబీ రంగు లోపలి అంచున్న పెద్ద శంఖాలు. ఆ సరుకులో చాలా భాగం కీ లార్గో దీవి ఎదుట సముద్రంలోని పగడపు దిబ్బలది. గడ్డపలుగులతో, ఉలులతో పెకలించేవారు. డైనమైటు పేల్చినవారూ ఉన్నారు. ఊపిరి బిగబట్టినంత సేపే అడుగున ఉండగలగడం అప్పటిదాకా దిబ్బకు కొంత రక్ష. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ రూపొందించిన, నీటి అడుగున ఊపిరి పీల్చుకునే పరికరం ఆక్వాలంగ్ అమెరికాకు చేరాక ఆ రక్షా పోయింది.

1957లో ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో జరిగిన సదస్సులో మయామీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గిల్బర్ట్ వాస్ ఈ విధ్వంసాన్ని బయటపెట్టారు. మయామీ హెరాల్డ్ సంపాదకుల్లో ఒకరైన జాన్ పెన్నెక్యాంప్ దిబ్బలను కాపాడే పనిని భుజాన వేసుకున్నారు. ఎవర్‌గ్లేడ్స్ పార్కు కోసం అంతకుముందు పోరాడిన మనిషి ఆయన. చిక్కు హద్దుల దగ్గర వచ్చింది: తీరానికి దగ్గరి నీరు ఫ్లోరిడా రాష్ట్రానిది, ఆవలి సముద్రగర్భం కేంద్రానిది. అందుకే 1960 మార్చిలో ఆవలి భాగం కోసం అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ విడిగా ప్రకటన చేయాల్సి వచ్చింది. డిసెంబరులో గవర్నర్ లెరాయ్ కాలిన్స్ పార్కును ప్రారంభించి దానికి పెన్నెక్యాంప్ పేరే పెట్టారు. అమెరికాలో సముద్రం అడుగున ఏర్పడ్డ తొలి పార్కు అదే.

1965లో అక్కడి నీళ్లలో చేతులు పైకి చాచిన కంచు క్రీస్తు విగ్రహాన్ని నిలిపారు. నేటికీ డైవర్లు మొదట అడిగేది దాన్నే.

నాకు మాత్రం విగ్రహం కన్నా నీటిపై తేలే ఒక బోయా గొప్పగా తోస్తుంది. పగడాలను విరవడం నేరమైంది, నిజమే. కానీ వాటిని చూపించడానికి డైవర్లను తెచ్చిన పడవలే లంగరు వేసేవి. ఒక్క లంగరు ఈడ్చుకుపోతే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మలు నుగ్గయ్యేవి. 1981లో జాన్ హాలస్ అనే జీవశాస్త్రవేత్త అడుగు రాతిలో రంధ్రం తొలిచి, స్టీలు కడ్డీని సిమెంటుతో బిగించి, దానికి తాడుతో బోయాను కట్టారు. వచ్చిన పడవ దానికి తాడు తగిలిస్తే చాలు, లంగరుతో పని లేదు. ఈ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు వెళ్లింది. రక్షిత జలాలంటే మనుషులను గేటు బయట నిలబెట్టడమే అనుకునేవారు ఈ బోయాను చూడాలి.

2023 వేసవిలో ఫ్లోరిడా కీస్ దీవుల చుట్టూ నీళ్లు ఎన్నడూ లేనంతగా వేడెక్కి పగడాలు తెల్లగా పాలిపోయాయి. ఆ వేడిని ఏ హద్దూ, ఏ చట్టమూ ఆపలేకపోయాయి. ఆ జులైలో డైవర్లు సముద్రం అడుగున నర్సరీల్లో పెంచుతున్న పగడాలను విప్పి, పడవలకెక్కించి, ఒడ్డున నీటి తొట్లలోకి చేర్చారు. నీళ్లు చల్లబడ్డాక వాటిలో బతికినవాటిని మళ్లీ సముద్రంలోకి దించడం మొదలుపెట్టారు.