ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలో ఎండాకాలపు పశుసంరక్షణ

1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట డెల్టాకు కాలువనీటిని అందించగా, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు మాత్రం, 1967లో నీటి విడుదల మొదలైన నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చేదాకా, వానమీద, చెరువులమీద, మునేరు, పాలేరుల మీద ఆధారపడిన మెట్టభూములుగానే మిగిలాయి. నీరు కరువైన ఈ నేలపై ఎండాకాలంలో పశువును కాపాడుకోవడమంటే నీటినీ, నీడనూ, పనివేళలనూ కుదుర్చుకోవడమే. వీటిలో బండెద్దులకు అన్నిటికంటే ముఖ్యమైనది పనివేళల మార్పు.

1889లో బెజవాడను నిజాం రాజ్యంతో కలిపిన రైలుమార్గం మధిర, కొండపల్లి మీదుగా సాగిపోవడంతో, హైదరాబాదు–బెజవాడ రహదారిపై ఉన్న జగ్గయ్యపేట, నందిగామల వర్తకానికి ఎడ్లబండ్లే ఆధారంగా నిలిచాయి. వేసవిలో పొద్దు వాలాక బండి కట్టి, రాత్రంతా నడిపి, ఎండ ముదరకముందే చెట్టునీడన కాడి దించేవారు. కాడి ఒరుసుకున్నచోట చెమటా దుమ్మూ చేరితే ఎద్దు మెడ పుండు పడుతుంది కనుక, దించగానే మెడను తడిగుడ్డతో తుడిచి, రొప్పు తగ్గాకనే నీళ్లు పెట్టేవారు. బాటల వెంట మనుషులకూ పశువులకూ ఉపయోగపడేలా బావులు తవ్వించి, చెట్లు నాటించినట్టు అశోకుని శాసనాలు చెబుతున్నాయి; వాటి ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఉన్నందున, బాట పశువుకు నీడ కల్పించడం రాజధర్మమన్న భావన తెలుగునేలకు ఎంత పాతదో తెలుస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు, ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాల్లో పగలు 12 నుండి 3 గంటల మధ్య బండి పశువులతో పని చేయించరాదని శాసించాయి. మేలో 40 డిగ్రీలు దాటడం మామూలైన ఈ మెట్టలో, ఆ నియమం బండివాళ్ల పాత అలవాటుకే చట్టరూపం ఇచ్చినట్లయింది.

గేదె సంగతి వేరు. నల్లని చర్మం ఎండను పీల్చుకుంటుంది, చెమటగ్రంథులేమో ఆవుకంటే తక్కువ. అందుచేత దానికి మడుగు సుఖం కోసం కాదు, ప్రాణం కోసం. ఒంటికి పట్టిన బురద ఆరుతూ వేడిని తీసుకుపోవడమే కాక, జోరీగలను కూడా దరిచేరనివ్వదు. వాగు ఎండి ఇసుక తేలితే, అందులో చెలమలు, అంటే నీరూరే చిన్న గుంటలు, తవ్వి తాగునీరు తోడేవారు. ఇంటి దగ్గర బియ్యం కడిగిన నీళ్లూ గంజీ తవుడూ కలిపిన కుడితి, తాటాకుల పాక పశువును ఆదుకునేవి. ఆకుల పొరల మధ్య నిలిచే గాలి ఎండవేడిని లోపలికి దిగనివ్వదు.

ట్రాక్టర్లు వచ్చాక బండెద్దులు తగ్గిపోయి, పాడి గేదెలే ప్రధానమయ్యాయి. తాటాకుకు బదులు రేకులు వేసిన పాకలో మధ్యాహ్నపు వేడి నేరుగా పశువు వీపుమీదికి దిగుతుంది; దానికి విరుగుడుగా రేకులపై వరిగడ్డి పరచి, నీళ్లు చల్లి తడిపే పద్ధతి నేడు ఉంది. ఒకప్పుడు జొన్నచొప్పే ప్రధాన మేతగా ఉన్న ఈ మెట్టలో, పాకకప్పుపై పరిచేటంత వరిగడ్డి దొరకడం సాగర్ నీటితో పెరిగిన వరిసాగు వల్లనే సాధ్యమైంది.