అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోని జాడలు: విండోస్ రిజిస్ట్రీ కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఇది కంప్యూటర్ చరిత్ర. కానీ దీంట్లో ఒక పెద్ద ప్రశ్న ఉంది: మనం డబ్బులు పెట్టి కొనుక్కున్న మెషిన్ మీద అధికారం ఎవరిది?

ముందు నా సొంత గొడవ చెప్తాను. ఇంటర్ సెలవుల్లో మా బాబాయి తన పాత కంప్యూటర్ నాకిచ్చారు. విండోస్ ఎక్స్‌పీ. ఒక సాఫ్ట్‌వేర్ తీసేశాను. అయినా లిస్టులో దాని పేరు మాత్రం పోలేదు. నెట్‌లో ఫ్రీగా దొరికిన ఒక రిజిస్ట్రీ క్లీనర్ వేస్తే, వందల కొద్దీ తప్పులున్నాయని ఎర్ర అక్షరాల్లో చూపించింది. భయమేసి 'అన్నీ సరిచెయ్' అని నొక్కేశాను. రీస్టార్ట్ అయ్యాక ఏ ఐకాన్ నొక్కినా, "దీన్ని దేనితో తెరవాలి?" అని నన్నే అడగడం మొదలుపెట్టింది. బాబాయి తిట్టలేదు. "అందులో నాన్నమ్మ ఫోటోలున్నాయిరా" అన్నారు, అంతే. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. హార్డ్ డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోటోలు దొరికాయి. లేకపోతే ఇవాళ ఈ ఎపిసోడ్ నవ్వుతూ చెప్పేవాణ్ణి కాదు.

సరే, అసలు ఈ రిజిస్ట్రీ ఎందుకొచ్చింది? మొదట్లో విండోస్ తన సెట్టింగులను ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాసుకునేది. ప్రతి ప్రోగ్రామూ వచ్చి అందులోనే నాలుగు లైన్లు రాసేది, లేదా తన సొంత ఫైలు పెట్టుకునేది. ఆ ఫైళ్లకు 64 కేబీ హద్దు ఒకటి. 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ చిన్నగా మొదలైంది. ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరవాలి అన్నది దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. 1993లో విండోస్ ఎన్‌టీ, 1995లో విండోస్ 95 వచ్చేసరికి మొత్తం సిస్టమ్ లెక్కలన్నీ అందులోకి చేరాయి.

ఇక్కడ ఒక సరదా విషయం. రిజిస్ట్రీ ఫైళ్లను 'హైవ్' అంటారు, అంటే తేనెపట్టు. ఎన్‌టీ టీమ్‌లో ఒకాయనకు తేనెటీగలంటే అస్సలు పడదట. ఆయన్ని ఏడిపించడానికే తోటి డెవలపర్ ఆ పేరు పెట్టాడని మైక్రోసాఫ్ట్‌లో చాలా ఏళ్లు పనిచేసిన రేమండ్ చెన్ రాశారు.

మరి ఎంట్రీలు ఎందుకు మిగిలిపోతాయి? ఊళ్లో ఇల్లు కూల్చేసినా, ఎవరో ఒకరు వెళ్లి చెప్పేదాకా పంచాయతీ రికార్డులో ఇంటి నంబరు అలాగే ఉంటుంది కదా. ఇదీ అంతే. అన్‌ఇన్‌స్టాలర్ రాసేది ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లే. వాళ్లు ఒక ఎంట్రీ మర్చిపోతే విండోస్ వెళ్లి వెతకదు. కొందరైతే ట్రయల్ గడువు గుర్తుండాలని కావాలనే వదిలేస్తారు. పైగా కొన్ని ఎంట్రీలను మార్చే అనుమతి 'సిస్టమ్' అనే ఖాతాకే ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా వెళ్లినా వద్దంటుంది.

ఇప్పుడు అసలు కథ. 2005 అక్టోబర్ 31. మార్క్ రస్సినోవిచ్ అనే అమెరికన్ నిపుణుడు తన కంప్యూటర్‌లో దాక్కున్న ఫైళ్లను కనిపెట్టానని బయటపెట్టాడు. అవి ఎక్కడినుంచి వచ్చాయంటే, ఆయన డబ్బులిచ్చి కొనుక్కున్న సోనీ బీఎంజీ పాటల సీడీ నుంచి! కాపీలు ఆపడానికి పెట్టిన ఆ ప్రోగ్రామ్, 'డాలర్ సిస్ డాలర్' అని మొదలయ్యే పేరు దేనికున్నా సరే, ఫైలు గానీ రిజిస్ట్రీ ఎంట్రీ గానీ, యజమానికి కనపడకుండా దాచేసేది. అన్‌ఇన్‌స్టాల్ చేసే దారి కూడా పెట్టలేదు.

ఆయన చేత్తోనే డ్రైవర్లు, ఎంట్రీలు తీసేశాడు. రీస్టార్ట్ చేస్తే సీడీ డ్రైవే మాయం! ఎందుకంటే సీడీ డ్రైవ్ ముందు ఈ డ్రైవర్‌ను కాపలా పెట్టామన్న ఎంట్రీలు ఇంకా మిగిలే ఉన్నాయి. కాపలావాడు లేడు కాబట్టి విండోస్ తలుపు తెరవలేదు. వాటిలో ఒకటి చెరపబోతే అనుమతి లేదంది. చివరికి తన సొంత టూల్‌తో రిజిస్ట్రీ ఎడిటర్‌ను సిస్టమ్ ఖాతా కింద నడిపి, దాన్నీ తీసేశాడు. అప్పుడే డ్రైవ్ తిరిగొచ్చింది. అంతటి నిపుణుడికే ఇంత కష్టమైతే మామూలు మనిషి గతేంటి? ఆ చాటును వైరస్ రాసేవాళ్లు కూడా వాడుకున్నారు. గొడవ ముదిరి, నవంబర్‌లోనే సోనీ ఆ సీడీలను వెనక్కి తీసుకుంది. కోర్టు కేసులూ పడ్డాయి.

అయితే క్లీనర్లే దిక్కా? కాదు. 1990లలో మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అనే టూల్ ఇచ్చి, తర్వాత ఆపేసింది. ఇప్పుడు రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించమని చెప్తోంది. 2017లో ప్రసిద్ధ సీక్లీనర్‌లోకే హ్యాకర్లు మాల్‌వేర్ దూర్చారు. ఆ వెర్షన్ సుమారు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి చేరింది. నిజానికి మిగిలిపోయిన ఎంట్రీలు చాలావరకు అక్కడ ఊరికే పడుంటాయి. వాటివల్ల కంప్యూటర్ నెమ్మదించడం అరుదు. నిజంగా అడ్డొస్తున్న ఎంట్రీ ఉంటే ముందు రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, ఆ ఒక్కటే తీయండి. 'అన్నీ సరిచెయ్' మాత్రం వద్దు. నా మాట వినండి.

మన ఫోన్ సంగతేంటంటారా? ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ విడి గది ఉంటుంది. యాప్ తీసేస్తే ఆ గదిని సిస్టమే ఖాళీ చేస్తుంది. ఆ పని యాప్ చేసినవాళ్ల మర్యాదకు వదిలేయలేదు. కానీ ఒక్కసారి మీ ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి. ఫోన్‌తోపాటే వచ్చిన కొన్ని యాప్‌లకు అన్‌ఇన్‌స్టాల్ బటనే ఉండదు, 'డిసేబుల్' మాత్రమే. మొదట్లో అడిగిన ప్రశ్న మళ్లీ అడుగుతున్నా: మీ జేబులో ఉన్న ఆ ఫోన్ ఎవరిది? కామెంట్లలో చెప్పండి. ఉంటాను మరి.